ఖమ్మం జిల్లాలో జనాభా మార్పులు - రాజకీయ మొగ్గు

ఒక ప్రాంతంలో నివసించే ప్రజల కూర్పు మారినపుడు ఆ ప్రాంతపు రాజకీయ మొగ్గు కూడా మారుతుందనే అభిప్రాయం ఎన్నికల విశ్లేషణలో తరచుగా వినిపిస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాల విషయంలో ఈ చర్చ మిక్కిలి ప్రసిద్ధి చెందినది. తెలుగు ప్రాంతాలలో దీనిని పరిశీలించుటకు అనువైన జిల్లాలలో 2016కు పూర్వపు ఖమ్మం జిల్లా ఒకటి. కోస్తా నుండి రైతుల వలస, బొగ్గుగనుల కార్మికుల రాక, షెడ్యూల్డు తెగల జాబితాలో మార్పు, పలుమార్లు జరిగిన సరిహద్దుల సవరణ వలన ఈ జిల్లా జనాభా స్వరూపం మారుతూ వచ్చినది. అయితే ఈ మార్పులు ఎన్నికల ఫలితాలను నేరుగా నిర్ణయించలేదు. జీవనోపాధి, రిజర్వేషన్లు, నియోజకవర్గాల హద్దులు అనే మూడు మార్గాల ద్వారానే వాటి ప్రభావం కనిపించినది.

భౌగోళిక నేపథ్యం

ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ జిల్లా నుండి విడివడి ఏర్పడినది. అప్పటివరకు తూర్పు గోదావరి జిల్లాలో భాగంగా ఉన్న భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలు 1959లో ఈ జిల్లాలో కలిసాయి. ఆ విధంగా నిజాం పాలనలోని మైదాన గ్రామాలు, మద్రాసు రాష్ట్రపు ఏజెన్సీ గ్రామాలు ఒకే జిల్లాలోకి వచ్చాయి. తూర్పున, దక్షిణాన కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలు, ఉత్తరాన ఇప్పటి ఛత్తీస్‌గఢ్ అడవులు సరిహద్దుగా ఉండేవి.

ఈ రెండు భాగాల నడుమ ఉన్న కూడలి తల్లాడ. ఖమ్మం నుండి వైరా మీదుగా వచ్చే రహదారి ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి కల్లూరు, సత్తుపల్లి మీదుగా గోదావరి జిల్లాల వైపు సాగుతుంది. రెండవది ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వైపు వెళుతుంది. మొదటి దారిలో కోస్తా జిల్లాలతో బంధుత్వాలు, వ్యాపార సంబంధాలు బలంగా ఉన్న మాగాణి గ్రామాలు, రెండవ దారిలో లంబాడా తండాలు, కోయ గూడేలు, బొగ్గుగనుల పట్టణాలు ఎదురవుతాయి.

జనాభా లెక్కలు

2001 జనాభా లెక్కల ప్రకారం జిల్లా జనాభా సుమారు 25.8 లక్షలు. 2011 నాటికి ఇది సుమారు 28 లక్షలకు చేరినది. ఈ దశాబ్దపు పెరుగుదల 8.5 శాతం లోపే ఉండగా, అంతకుముందు దశాబ్దంలో ఇది 16 శాతానికి పైగా ఉండేది. షెడ్యూల్డు తెగల వాటా 2001లో సుమారు 26.5 శాతం, 2011లో సుమారు 27.4 శాతం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినపుడు గిరిజన ప్రాంతాలలో అధికభాగం అందులోకి వెళ్ళాయి. 2011 లెక్కల ఆధారంగా కొత్త జిల్లా జనాభా సుమారు 10.7 లక్షలు కాగా, అందులో షెడ్యూల్డు తెగలవారు 36 శాతానికి పైగా ఉన్నారు.

కోస్తా జిల్లాల నుండి వలస

కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు ఇరవయ్యో శతాబ్దంలో తమ ఊళ్ళలోని కొద్దిపాటి ఖరీదైన భూమిని అమ్ముకొని, ఇక్కడ తక్కువ ధరకు దొరికే ఎక్కువ భూమిని కొనుగోలు చేసారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు రావడంతో ఖమ్మం, మధిర, వైరా, కల్లూరు ప్రాంతాలలో వరిసాగు విస్తరించినది. గోదావరి తీరంలో పొగాకు, మిరప, అశ్వారావుపేట ప్రాంతంలో పామాయిలు తోటలు కూడా పెరిగాయి.

వలస వలన రెండు పరస్పర విరుద్ధమైన రాజకీయ ఫలితాలు కలిగాయి. మొదటిది స్థానికుల అసంతృప్తి. పాల్వంచలోని థర్మల్ విద్యుత్కేంద్రంలో ఉద్యోగాలు స్థానికేతరులకు పోతున్నాయనే ఆందోళన నుండే 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం మొదలైనది. రెండవది కోస్తా రాజకీయాలతో సాన్నిహిత్యం. 1998లో గుంటూరు జిల్లాకు చెందిన మాజీ ముఖ్యమంత్రి నాదెండ్ల భాస్కరరావు ఖమ్మం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం పుట్టిన జిల్లాయే, రాష్ట్రం ఏర్పడిన తరువాత తెలంగాణ రాష్ట్ర సమితికి (తెరాస) అతి తక్కువ స్థానాలనిచ్చిన జిల్లాగా నిలవడానికి ఈ రెండవ ఫలితం ఒక ముఖ్య కారణం.

బొగ్గుగనులు, పరిశ్రమలు

ఇల్లందు ప్రాంతంలో 1889లో బొగ్గు తవ్వకం ప్రారంభమైనది. తరువాత కొత్తగూడెం సింగరేణి సంస్థకు కేంద్రస్థానమైనది. దానికి తోడు పాల్వంచ విద్యుత్కేంద్రం, సారపాక కాగితపు మిల్లు, మణుగూరు సమీపంలోని భారజల కర్మాగారం వెలిసాయి. వీటిలో పని కోసం పలు జిల్లాల నుండి వచ్చిన కార్మికులను కులం, ఊరు కంటే కార్మిక సంఘాలే ఎక్కువగా కలిపి ఉంచాయి. తెలంగాణ సాయుధ పోరాట కాలం నుండి బలంగా ఉన్న కమ్యూనిస్టు పార్టీలకు ఈ విధంగా మరొక పునాది ఏర్పడినది. 1952లో ఖమ్మం లోక్‌సభ స్థానాన్ని పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ అభ్యర్థి టి.బి.విఠల్‌రావు గెలుచుకున్నాడు. సి.పి.ఐ. నాయకుడు రజబ్ అలీ సుజాతనగర్ నుండి పలుమార్లు శాసనసభకు ఎన్నికయ్యాడు.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉన్న కార్మికుల సంఖ్య, యంత్రాల వాడకం, ఉపరితల గనుల విస్తరణ వలన 2020లలో సుమారు నలభై వేలకు తగ్గినది. జనం ఊళ్ళలోనే ఉన్నారు గాని వారిని సంఘటితం చేసిన పని కుదించుకుపోయినది. వామపక్షాల బలం తగ్గుటకు ఇది ఒక కారణమైనా, పూర్తిగా అంతరించలేదు. 2023లో కాంగ్రెసు పొత్తుతో సి.పి.ఐ. అభ్యర్థి కూనంనేని సాంబశివరావు కొత్తగూడెంలో గెలుపొందగా, అదే సంవత్సరం డిసెంబరులో జరిగిన సింగరేణి గుర్తింపు ఎన్నికలలో ఆ పార్టీ అనుబంధ సంఘమైన ఏ.ఐ.టి.యు.సి. విజయం సాధించినది.

గిరిజన జనాభా

జిల్లాలోని ప్రధాన గిరిజన తెగలు కోయ, లంబాడా. గోదావరి తీరపు కొండలలో కొండరెడ్లు కూడా కలరు. 1976 నాటి చట్ట సవరణ ద్వారా తెలంగాణ ప్రాంతపు లంబాడాలు షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చబడ్డారు. ఒక్క మనిషి కూడా ఊరు మారకుండానే జిల్లాలో షెడ్యూల్డు తెగల సంఖ్య పెరిగిన సందర్భమిది. రిజర్వుడు స్థానాలలో కోయ, లంబాడా వర్గాల మధ్య ప్రాతినిధ్యపు పోటీకి మూలం ఇక్కడే ఉన్నది.

షెడ్యూల్డు ప్రాంతాలలో గిరిజనుల భూములు ఇతరుల చేతిలోకి పోకుండా 1959లో చేసిన భూబదలాయింపు నిబంధనలు 1963లో తెలంగాణకు వర్తింపజేయబడ్డాయి. 1970లో వచ్చిన సవరణ '1/70 చట్టం'గా పేరుపొందినది. దీని ప్రకారం గిరిజనేతరుల మధ్య కూడా భూముల క్రయవిక్రయాలు చెల్లవు. చట్టం ఉన్నప్పటికీ వలస ఆగలేదు. అందువలన భూమి, పోడు వ్యవసాయం, తునికాకు కూలి రేట్లు ఈ ప్రాంతపు ప్రధాన రాజకీయ సమస్యలయ్యాయి. భద్రాచలం శాసనసభ స్థానాన్ని 1978 నుండి 2004 వరకు జరిగిన ఏడు ఎన్నికలలోనూ సి.పి.ఎం. గెలుచుకున్నది. ముర్ల ఎర్రయ్యరెడ్డి, కుంజా బొజ్జి, సున్నం రాజయ్య ఈ కాలంలో శాసనసభ్యులుగా ఉన్నారు. ఇల్లందు నుండి సి.పి.ఐ. (ఎం.ఎల్.) న్యూడెమొక్రసీ నాయకుడు గుమ్మడి నర్సయ్య ఐదు పర్యాయాలు ఎన్నికయ్యాడు.

2005 నుండి ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం హింస కారణంగా గొత్తికోయలు పెద్దసంఖ్యలో ఈ అడవులలోకి వలస వచ్చారు. భూమి హక్కుకు, షెడ్యూల్డు తెగ ధ్రువపత్రానికి, ఓటరు జాబితాకు దూరంగా ఉన్నవారు వీరిలో అనేకులు. కావున జనాభా పెరిగిన మేరకు ఓటర్ల సంఖ్య, రాజకీయ బలం పెరుగుతాయని చెప్పలేము.

2008 నియోజకవర్గాల పునర్విభజన

2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజన 2009 ఎన్నికల నుండి అమలులోకి వచ్చినది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభలో మొత్తం స్థానాలు 294 గానే ఉండగా, షెడ్యూల్డు కులాల స్థానాలు 39 నుండి 48కి, షెడ్యూల్డు తెగల స్థానాలు 15 నుండి 19కి పెరిగాయి. ఖమ్మం జిల్లాలో స్థానాలు తొమ్మిది నుండి పదికి చేరాయి. సుజాతనగర్, బూర్గంపాడు రద్దయి పినపాక, అశ్వారావుపేట, వైరా ఏర్పడ్డాయి. పది స్థానాలలో పినపాక, ఇల్లందు, వైరా, అశ్వారావుపేట, భద్రాచలం షెడ్యూల్డు తెగలకు, మధిర, సత్తుపల్లి షెడ్యూల్డు కులాలకు కేటాయించబడ్డాయి. ఖమ్మం, కొత్తగూడెం, పాలేరు మాత్రమే జనరల్ స్థానాలుగా మిగిలాయి.

తల్లాడ మండలం సత్తుపల్లి నియోజకవర్గంలోను, దాని పొరుగున ఉన్న ఏన్కూరు మండలం వైరాలోను చేరాయి. ఒకే రహదారిపై ఉన్న రెండు పొరుగు మండలాలలో ఒకటి షెడ్యూల్డు కులాల స్థానంలోకి, మరొకటి షెడ్యూల్డు తెగల స్థానంలోకి వెళ్ళాయి. అంతకుముందు సత్తుపల్లిలో జలగం కుటుంబం, తుమ్మల నాగేశ్వరరావు మధ్య పోటీ సాగేది. రిజర్వేషను తరువాత 2009, 2014, 2018లలో తెలుగుదేశం అభ్యర్థి సండ్ర వెంకటవీరయ్య గెలుపొందగా, 2023లో కాంగ్రెసు అభ్యర్థి మట్టా రాగమయి విజయం సాధించినది. ఓటర్లు ప్రధానంగా వారే అయినా అభ్యర్థులు మారారు.

జిల్లాలో నాల్గవ వంతుకు కాస్త ఎక్కువగా ఉన్న గిరిజనులకు సగం స్థానాలు దక్కినట్లు పైకి కనిపిస్తుంది. కాని ఈ ఐదింటిలో కొన్నిచోట్ల గిరిజనేతర ఓటర్లే ఎక్కువ కావడంతో అభ్యర్థి గిరిజనుడైనా గెలుపును నిర్ణయించడంలో ఇతరుల పాత్ర పెద్దది. ఇదే పునర్విభజనలో 1967 నుండి ఉన్న భద్రాచలం లోక్‌సభ నియోజకవర్గం రద్దయినది. 2004లో అక్కడ సి.పి.ఎం.కు చెందిన మిడియం బాబూరావు గెలిచాడు.

ఏడు మండలాల బదిలీ

పోలవరం ముంపు ప్రాంతమనే కారణంతో 2014లో ఏడు మండలాలు పూర్తిగా గాని, పాక్షికంగా గాని ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయ్యాయి. కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, భద్రాచలం గ్రామీణ ప్రాంతం తూర్పు గోదావరిలో, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులోని కొన్ని గ్రామాలు పశ్చిమ గోదావరిలో చేరాయి. ఈ ప్రాంతంలో సుమారు 1.9 లక్షల జనాభా ఉండేది. భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగలగా చుట్టూ ఉన్న పల్లెలు పొరుగు రాష్ట్రంలోకి వెళ్ళాయి. వాటిలో ఎటపాక, పురుషోత్తపట్నం మొదలైన ఐదు గ్రామాలను తిరిగి కలపాలనే కోరిక ఆ తరువాత కూడా వినిపించినది.

2014 ఏప్రిల్ 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో ఈ గ్రామాల ప్రజలు తెలంగాణ ఓటర్లుగానే పాల్గొన్నారు. భద్రాచలంలో సున్నం రాజయ్య గెలుపొందాడు. కొద్ది వారాలకే ఆయన సొంత మండలమైన వరరామచంద్రపురం ఆంధ్రప్రదేశ్‌లో కలిసినది. 2018లో తగ్గిన హద్దులతో జరిగిన ఎన్నికలో భద్రాచలం స్థానం కాంగ్రెసు వశమైనది. 2019లో రాజయ్య ఆంధ్రప్రదేశ్‌లోని రంపచోడవరం నుండి పోటీచేసి ఓడిపోయాడు. ఇక్కడ ఓటర్ల అభిప్రాయం మారిందా లేక ఓటర్లే వేరయ్యారా అనే ప్రశ్నకు హద్దులను పరిగణించకుండా సమాధానం దొరకదు. నిర్వాసితులకు ఇది కేవలం ఎన్నికల లెక్క కాదు. పునరావాసం గురించి నిలదీయవలసిన ప్రభుత్వమే వారికి మారిపోయినది.

2014 తరువాతి ఎన్నికలు

2014లో పది స్థానాలలో కాంగ్రెసు నాలుగు, వై.ఎస్.ఆర్. కాంగ్రెసు మూడు, తెలుగుదేశం, సి.పి.ఎం., తెరాస ఒక్కొక్కటి గెలుచుకున్నాయి. 2018లో రాష్ట్రంలోని 119 స్థానాలలో తెరాస 88 గెలిచినా ఈ పదింటిలో ఖమ్మం ఒక్కటే దానికి దక్కినది. కాంగ్రెసు ఆరు, తెలుగుదేశం రెండు, స్వతంత్ర అభ్యర్థి ఒకటి గెలిచారు. 2023లో కాంగ్రెసు ఎనిమిది, సి.పి.ఐ. ఒకటి, భారత రాష్ట్ర సమితిగా పేరు మారిన తెరాస ఒకటి పొందాయి. ఒంటరిగా పోటీచేసిన సి.పి.ఎం.కు ఒక్క స్థానమూ రాలేదు. 2014, 2018లలో ఇతర పార్టీల తరఫున గెలిచిన పలువురు ఆ తరువాత అధికార పార్టీలో చేరారు. అందువలన శాసనసభలో కనిపించిన జిల్లా మొగ్గు, ఓటర్లు చూపిన మొగ్గు ఒకటి కావు.

అమెరికా రాష్ట్రాలతో పోలిక

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం 1968 నుండి 2004 వరకు ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ రిపబ్లికన్ అభ్యర్థినే బలపరచినది. వాషింగ్టన్ నగర శివారులలో ఉద్యోగులు, వలసదారులు పెరిగిన తరువాత 2008 నుండి డెమొక్రాట్ల వైపు నిలిచినది. టెక్సస్‌లో మాత్రం అలా జరగలేదు. హిస్పానిక్ జనాభా సుమారు 40 శాతానికి చేరినా 1976 తరువాత ఆ రాష్ట్రంలో డెమొక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి గెలవలేదు. జనాభాలో అత్యధికులు హిస్పానిక్‌లైన స్టార్ కౌంటీ 2024లో శతాబ్దానికి పైబడిన అలవాటును వీడి రిపబ్లికన్ అభ్యర్థికి మెజారిటీ ఇచ్చినది.

ఖమ్మం అనుభవం కూడా ఇటువంటిదే. ఒక వర్గం పెరిగినంత మాత్రాన ఒక పార్టీ పెరగదు. కోస్తా నుండి వచ్చిన కుటుంబాలు కాలాన్ని బట్టి కాంగ్రెసును, తెలుగుదేశాన్ని, కమ్యూనిస్టులను బలపరిచాయి. గిరిజన ప్రాంతాలు కూడా వామపక్షాల నుండి ఇతర పార్టీల వైపు మళ్ళాయి. అయితే అమెరికా రాష్ట్రాల హద్దులు స్థిరమైనవి. ఖమ్మంలో జనంతో పాటు హద్దులు కూడా కదిలాయి.

రాబోయే పునర్విభజన

84వ రాజ్యాంగ సవరణ ప్రకారం రాష్ట్రాలవారీగా స్థానాల సంఖ్య 2026 తరువాత జరిగే మొదటి జనాభా లెక్కల వరకు స్తంభింపజేయబడినది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం తెలంగాణ శాసనసభ స్థానాలను 119 నుండి 153కు పెంచుటకు వీలు కల్పించినది. స్థానాల పంపకానికి జనాభాయే ఆధారం కనుక, వేగంగా పెరిగిన హైదరాబాదు పరిసర ప్రాంతాల వాటా పెరిగి, నెమ్మదిగా పెరిగిన ఖమ్మం వంటి జిల్లాల వాటా తగ్గే అవకాశమున్నది. ఏడు మండలాలలోని గిరిజనులు ఇపుడు తెలంగాణ లెక్కలో లేరు. ఉపాధికై నగరానికి వెళ్ళినవారు ఎక్కడ లెక్కింపబడతారు, అడవిలోని గొత్తికోయ గూడేలు లెక్కలోకి వస్తాయా, తల్లాడ వంటి సరిహద్దు మండలాలు ఏ నియోజకవర్గంలో చేరుతాయి అనే విషయాలను బట్టి గిరిజన ప్రాంతాల ప్రాతినిధ్యం ఆధారపడి ఉంటుంది.