గడప దాటని ఎగుమతి

ఎగుమతి యనగానే విశాఖపట్టణపు రేవులో ఓడలకెక్కుచున్న సరకు మన మనస్సున మెదలును. సరకు కదలకయే, ఒక గదిలో ఇరువురు మాటలాడుకొనినంతనే ఎగుమతి జరుగునన్నచో శ్రోతలకు వింతగా తోచవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రముల చట్టము ఆ మాటనే చెప్పుచున్నది. మన తెలుగు బిడ్డలనేకులు ఆ దేశపు విశ్వవిద్యాలయములలో పరిశోధన చేయుచున్నారు గనుక ఈ విషయమును మన ఇండ్లలో తెలిసికొనియుండుట మేలని మేము తలంచుచున్నాము.

అచ్చట ఎగుమతులను అదుపు చేయు నియమావళులు ముఖ్యముగా రెండు. సైనిక సామగ్రికి సంబంధించినది విదేశాంగశాఖ చేతిలో నున్నది. పౌరావసరములకును సైనికావసరములకును కూడ పనికివచ్చు యంత్రములు, రసాయనములు మున్నగువానికి సంబంధించినది వాణిజ్యశాఖ చేతిలో నున్నది. వస్తువుతోపాటు దానిని తయారుచేయు సాంకేతిక విజ్ఞానము కూడ నియంత్రణకు లోబడును. అట్టి విజ్ఞానమును అమెరికాలోనే యొక విదేశీయునకు అందజేసినను, అతని దేశమునకు ఎగుమతి చేసినట్లే చట్టము భావించును. అచ్చట శాశ్వతనివాసపు హక్కు పొందినవారికి ఈ నియమము వర్తింపదు.

అట్లయినచో దేశదేశముల విద్యార్థులతో నిండిన ప్రయోగశాలలు ఎట్లు నడచుచున్నవి? మౌలిక పరిశోధనకు గల మినహాయింపే ఇందుకు ఆధారము. మౌలిక పరిశోధనా ఫలితములకు సాధ్యమైనంతవరకు ఆంక్షలుండరాదని 1985లో అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వము విధాన నిర్ణయము చేసినది. ప్రచురించి పదుగురితో పంచుకొను ఉద్దేశముతో చేసిన పరిశోధన ఫలితములకు లైసెన్సు అక్కరలేదు.

ధనము విదేశమునుండి వచ్చినప్పుడు ఈ రక్షణ ఎక్కడ తెగునో చూతము. ఒక విదేశీ కంపెనీ ధనమిచ్చి, తన సమ్మతి లేనిదే ఫలితములు ప్రచురింపరాదని ఒడంబడికలో వ్రాయించుకొనినదనుకొందము. అందుకు ఒప్పుకొనినచో ఆ పనికి మినహాయింపు పోవును. పేటెంటు హక్కునకు భంగము రాకుండ, తానిచ్చిన రహస్యము పొరపాటున వెలువడకుండ, కంపెనీ వ్యాసమును ముందుగా చూచుకొనుటకు మాత్రము అభ్యంతరము లేదు. మినహాయింపు పోయినంతమాత్రమున ప్రతి పనికిని లైసెన్సు కావలెనని కాదు. ఆ విజ్ఞానము నియంత్రిత పట్టికలో నున్నదా, ఏ దేశమునకు పోవుచున్నది, ఎవరి చేతికి చేరును అని విచారింపవలసివచ్చును. మరియు మినహాయింపు విజ్ఞానమునకే గాని వస్తువులకు లేదు. పరికరమును విదేశమునకు పంపుట మామూలు ఎగుమతియే. ధనమిచ్చు సంస్థ పేరు ప్రభుత్వపు ఆంక్షల పట్టికలలో నున్నదేమో మొదటనే చూడవలెను.

ఉపేక్షించినచో ఏమగునో టెనెస్సీ విశ్వవిద్యాలయపు విశ్రాంత ఆచార్యుడు జాన్ రీస్ రాత్ ఉదంతము తెలుపుచున్నది. ఆ పనికి ధనమిచ్చినది విదేశము కాదు, అమెరికా వైమానిక దళమే. మానవరహిత విమానములకు పనికివచ్చు ప్లాస్మా సాధనములను గూర్చిన సమాచారమును చైనా, ఇరాను దేశీయులైన విద్యార్థులకు అందనిచ్చెనని అభియోగము. 2008లో జ్యూరీ ఆయనను దోషిగా నిర్ణయించినది. 2009లో, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, 48 నెలల కారాగారశిక్ష పడినది. 2011లో పై న్యాయస్థానము ఆ తీర్పును ఖాయపరచినది.

మన దేశమునందును ఇట్టి నిబంధనలు కలవు. సామూహిక విధ్వంసక ఆయుధములను గూర్చిన 2005 నాటి చట్టము ఒకటి. విదేశ వాణిజ్య డైరెక్టరు జనరల్ కార్యాలయము అమలుపరచు 'స్కోమెట్' పట్టిక మరియొకటి. విదేశీ ధనముతో ఇచ్చట పరిశోధన చేయువారు ఆ పట్టికలోని విజ్ఞానమును విదేశమునకు పంపుటకు ముందు అనుమతి పొందవలెను. ఈ-మెయిలులో పంపినను ఎగుమతియే. బహిరంగముగా లభించు విజ్ఞానమునకును, మౌలిక శాస్త్ర పరిశోధనకును ఇచ్చట కూడ మినహాయింపు కలదు.

కావున ప్రయోగశాలలో చేరు విద్యార్థి తన ఆచార్యుని రెండు ప్రశ్నలడుగవలెను: ఈ పనికి ధనమెవ్వరిది? ఫలితములను స్వేచ్ఛగా ప్రచురింపవచ్చునా? అట్లడుగుట అవినయము కాదు. ప్రచురింపరాని పనిపై ఏండ్లు గడపినచో, తుదకు పట్టమునకై సమర్పింపవలసిన సిద్ధాంతగ్రంథమునకే ఆటంకము కలుగవచ్చును. సందేహమున్నచో ఈ నియమముల కొరకు అచ్చటి విశ్వవిద్యాలయములలో ప్రత్యేక కార్యాలయములు కలవు. సంతకమునకు ముందే అచ్చట విచారించుట క్షేమము.