ప్రాసెసర్ క్యాష్, మెమరీ మార్గము: కొలత - పంపకము

ఒకే కంప్యూటరుపై అనేక కార్యక్రమములు ఏకకాలమున నడచునప్పుడు వాని నడుమ కలుగు స్పర్ధ సామాన్యముగా కంటికి కానరాదు. ఒక్కొక్క కార్యక్రమమునకు వేర్వేరు కోర్‌లను కేటాయించినను అది తొలగదు. ఏలయన కోర్‌లు వేఱైనను వానికి వెలుపల రెండు వనరులు ఉమ్మడిగా నుండును. మొదటిది ప్రాసెసర్‌లోని చివరి అంతస్తు క్యాష్. రెండవది ప్రధాన మెమరీకి పోవు మార్గము యొక్క వాహకశక్తి, అనగా బ్యాండ్‌విడ్త్. ఈ రెంటిని కొలుచుటయు, పంచుటయు కమాండ్ లైన్ నుండి ఎట్లు సాధ్యమగునో వివరించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఇచ్చట క్యాష్ అనగా రొక్కము కాదు. తఱుచుగా కావలసిన సమాచారమును చేరువలో దాచుకొను చోటు. మూడవ అంతస్తు క్యాష్ నుండి సమాచారము పదుల సంఖ్యలోని గడియార స్పందనలలో కోర్‌కు చేరును. ప్రధాన మెమరీ నుండి రావలెనన్న వందల స్పందనలు పట్టును. క్యాష్ నిండినప్పుడు క్రొత్త సమాచారము వచ్చి పాత సమాచారమును వెడలగొట్టును.

ఖాతాదారుల ప్రశ్నలకు తత్క్షణము బదులీయవలసిన డేటాబేస్ యొకటి కొన్ని కోర్‌లపై నడచుచుండగా, పెద్ద దస్త్రములకు ప్రతులు తీయు బ్యాకప్ కార్యక్రమము మఱికొన్ని కోర్‌లపై నడచుచున్నదనుకొనుడు. బ్యాకప్ తాను చదివిన సమాచారమును మరల చూడదు. అయినను ఆ సమాచారమే క్యాష్‌ను నింపి, డేటాబేస్‌కు మాటిమాటికి కావలసినదానిని త్రోసివేయును. అప్పుడు కొన్ని ప్రశ్నలకు బదులు మిక్కిలి ఆలస్యమగును. ఇట్టి ఆలస్యమునకు వెఱచి యజమానులు యంత్రములను సగము ఖాళీగా నుంచుటయు కలదు. దానివలన విద్యుత్తు, ధనము వృథా యగును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము, గూగుల్ సంస్థలకు చెందిన పరిశోధకులు 2015లో ప్రకటించిన హెరాక్లీస్ అను పద్ధతి, క్యాష్ మొదలగు వనరులను విభజించుటచే అత్యవసర సేవలకు భంగము లేకుండ యంత్రముల వినియోగమును సగటున 90 శాతమునకు చేర్చవచ్చునని చూపెను.

చెఱువు క్రింది సేద్యము నెఱిగినవారికి ఈ చిక్కు క్రొత్తది కాదు. కోలారు, చిత్తూరు ప్రాంతములలో నీరుగంటి మొదట చెఱువులోని నీటిమట్టమును చూచి, పిమ్మట తూము తెఱచి, పొలములకు వంతులు వేయుచుండెను. ఇచ్చటను క్రమము అదియే: ముందు కొలత, తరువాత పంపకము.

ఇంటెల్ సంస్థ ఈ సాధనసముదాయమును రిసోర్స్ డైరెక్టర్ టెక్నాలజీ అని పిలుచుచున్నది. 2014లో వెలువడిన హాస్వెల్ తరపు జియాన్ ప్రాసెసర్‌లతో క్యాష్ వాడుకను కొలుచు శక్తి లభించెను. 2016 నాటి బ్రాడ్‌వెల్ తరములో బ్యాండ్‌విడ్త్ కొలతయు, 2017 నాటి స్కైలేక్ తరములో బ్యాండ్‌విడ్త్ నియంత్రణయు వచ్చి చేరినవి. ఏఎండీ సంస్థ ఎపిక్ ప్రాసెసర్‌లలో 2019 నుండి ఇట్టి వసతులే కలవు. లినక్స్‌లో ఇందులకు రెండు మార్గములున్నవి: ఇంటెల్ వారు వెలువరించిన పీక్యూఓఎస్ అను ఆజ్ఞ, కెర్నెల్‌లోనే యున్న రెస్‌కంట్రోల్ అను ఫైల్ వ్యవస్థ. పీక్యూఓఎస్ నేరుగా ప్రాసెసర్ రిజిస్టర్లను మార్చుచుండగా రెస్‌కంట్రోల్‌ను గూడ వాడినచో లెక్కలు తారుమాఱగును. కావున ఒకదానినే అవలంబింపవలయును.

సూపర్‌యూజర్ అధికారముతో పీక్యూఓఎస్‌కు 'ఎస్' అను సంకేతమును జోడించినచో ప్రస్తుత విభజన తెలియును. 'ఎం' సంకేతమును, కోర్‌ల సంఖ్యలను ఇచ్చినచో క్షణక్షణమునకు ఒక పట్టిక తెరపై కదలును. అందు ఒక్కొక్క కోర్‌కు, ఒక గడియార స్పందనలో పూర్తియైన ఆదేశముల సగటు, క్యాష్‌లో దొరకక తప్పిన పర్యాయములు, ఆక్రమించిన క్యాష్ కిలోబైట్లలో, మెమరీ బ్యాండ్‌విడ్త్ సెకనుకు మెగాబైట్లలో కానవచ్చును. బ్యాకప్ మొదలైనంతనే డేటాబేస్ కోర్‌ల క్యాష్ తఱిగి, తప్పుల సంఖ్య పెరిగి, ఆదేశముల సగటు పడిపోయినచో కారణము క్యాషేయని అనుమానింపవచ్చును. క్యాష్ వాటా మాఱకయే వేగము తగ్గినచో కారణమును అన్యత్ర వెదకవలయును.

పంపకమునకు మూలము క్యాష్‌లోని 'వే' లనబడు భాగములు. 18 కోర్‌లు గల జియాన్ గోల్డ్ 6140లో 24.75 మెగాబైట్ల మూడవ అంతస్తు క్యాష్ 11 భాగములుగా నున్నది, ఒక్కొక్కటి 2.25 మెగాబైట్లు. ప్రతి సేవాశ్రేణికి 11 అంకెల ముసుగు నొకదానిని నిర్ణయింతురు. 1 ఉన్నచోట ఆ శ్రేణి క్రొత్త సమాచారమును నింపవచ్చును. 0 ఉన్నచోట నింపరాదు. డేటాబేస్‌కు 00001111111 అనియు, బ్యాకప్‌కు 11110000000 అనియు ఇచ్చినచో మొదటిదానికి 15.75, రెండవదానికి 9 మెగాబైట్లు వచ్చును. ఇట్టి ప్రాసెసర్‌లో 1 అంకెలు ఎడము లేక వరుసగా నుండవలయును. ఎడమ చివరి రెండు భాగములను సామాన్యముగా నెట్‌వర్క్ మొదలగు ఉపకరణములును వాడుకొనును. అందువలననే డేటాబేస్‌ను వానికి దూరముగా నుంచుట మేలు. 'ఇ' సంకేతముతో ముసుగును నిర్ణయించి, 'ఎ' సంకేతముతో కోర్‌లను ఆ శ్రేణికి చేర్చవలయును. పెద్ద 'ఆర్' అక్షరము అన్నిటిని పూర్వస్థితికి తెచ్చును.

ఈ పంపకమునకు కొన్ని పరిమితులు కలవు. ముసుగు నింపుటను మాత్రమే అడ్డగించును. అన్య భాగములలో ఇదివఱకే యున్న సమాచారమును చదువుట నడ్డగింపదు. కావున మార్పు ఫలితము క్రమముగా గాని కానరాదు. వేఱు శ్రేణిలో చేర్పబడని కోర్‌లన్నియు సున్నా శ్రేణిలో నుండును. దానికి మొదట 11 భాగములును చెందియుండును. ఆ శ్రేణిని గూడ కుదింపనిచో కట్టిన గట్టు తెగినట్లే యగును.

బ్యాండ్‌విడ్త్ నియంత్రణ యిందుకు భిన్నమైనది. ఇది ప్రత్యేకించి కాపాడిన వాటా కాదు. కోర్ నుండి వెలువడు కోరికలను మందగింపజేయు కళ్లెము. స్కైలేక్‌లో దీనిని 10 శాతముల మెట్లుగా నిర్ణయింతురు. అయినను 50 శాతమనగా బ్యాండ్‌విడ్త్ సరిగా సగమగునని కాదు. నియంత్రణ ఒక్కొక్క కోర్‌కు వర్తించునుగాని శ్రేణి మొత్తమునకు వర్తింపదు. కోర్‌లు హెచ్చినకొలది మొత్తము వాడుక పెరుగును. ఈ లోపమును పూరించుటకు 2018లో లినక్స్ 4.18 కెర్నెల్, సెకనుకు ఇన్ని మెగాబైట్లని పరిమితి నిర్ణయించినచో తానే కొలిచి సరిచూచు విధానమును రెస్‌కంట్రోల్‌లో చేర్చెను.

విభజించిన పిదప మరల కొలిచినగాని పని ముగియదు. డేటాబేస్ జవాబుల ఆలస్యము నిజముగా తగ్గినదా, బ్యాకప్ తెల్లవాఱులోపల ముగియుచున్నదా యని చూడవలయును. ఒకరికి పెంచిన వాటా మఱియొకరి నుండి తీసినదే. క్యాష్ పరిమాణము మాత్రము పెరుగలేదు. పంపకము న్యాయమైనదని నిర్ణయించు అంకె ఏ పట్టికలోను ఉండదు. ఏ పని ఆలస్యమును సహింపగలదో, ఏది సహింపజాలదో యెఱిగినవారే దానిని నిర్ణయింపవలయును. ఆ నిర్ణయమునకు ఆధారమగు కొలతను ఈ ఆజ్ఞలు సమకూర్చును.