గ్రహణం మొర్రి: గ్రహణానికీ, తల్లికీ సంబంధం లేని లోపం

పై పెదవి చీలి పుట్టిన బిడ్డను చూడగానే ఏలూరు, తాడేపల్లిగూడెం వైపున గానీ, కొల్లేటి లంకల్లో గానీ పెద్దవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "కడుపుతో ఉండగా గ్రహణం చూసిందా?" ఆ లోపానికి తెలుగులో పేరే గ్రహణం మొర్రి. గ్రహణం వేళ కత్తిపీట ముట్టుకుందనో, వాకిట్లోకి వచ్చిందనో నేరమంతా కోడలి మీద మోపుతారు. ఏ మతం వారి ఇంటికి వెళ్ళినా ఈ మాట వినిపిస్తుంది. మన ఇళ్ళలో మాత్రం అసలే వినిపించకూడదు. ప్రవక్త ముహమ్మద్ (స) పసికుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ పోయినందుకే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. ఎవరి చావుబతుకుల కోసమూ సూర్యచంద్రులకు గ్రహణం పట్టదని, పుత్రశోకంలో ఉండి కూడా ఆయన వారికి తెలియజెప్పారు.

మరి పెదవి ఎందుకు చీలుతుంది? గర్భంలో ముఖం ఒకే ముక్కగా తయారు కాదు. బిడ్డ కడుపున పడ్డ నాలుగో వారం నాటికి ఐదు చిన్న మొగ్గలు కనిపిస్తాయి. నుదుటి వైపు నుంచి ఒకటి, బుగ్గల వైపు నుంచి రెండు, కింది దవడ కోసం రెండు. ఇవి మధ్యకు పెరిగి ఒకదానితో ఒకటి అతుక్కోవాలి. పై పెదవి అతుకు ఆరు, ఏడు వారాలకే ముగుస్తుంది. అప్పటికి పిండం పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. చాలామంది తల్లులకు నెల తప్పిన సంగతి తెలిసి కొద్ది వారాలే అయి ఉంటుంది. ఆ అతుకు ఎక్కడ పడకపోతే అక్కడ చీలిక మిగులుతుంది. ఐదో నెలలోనో ఎనిమిదో నెలలోనో వచ్చిన గ్రహణం, ఎప్పుడో అతుక్కున్న పెదవిని కోయలేదు.

నోటి లోపలి అంగిలి ఇంకొంచెం ఆలస్యంగా మూసుకుంటుంది. మొదట్లో నాలుక పైకి ఉండి, అంగిలి రెండు సగాలూ దానికి అటూ ఇటూ నిలువుగా ఉంటాయి. కింది దవడ ముందుకు పెరిగేకొద్దీ నాలుక కిందికి దిగుతుంది. అప్పుడు ఆ సగాలు పైకి లేచి, పన్నెండో వారానికల్లా మధ్యలో కలుసుకుంటాయి. దవడ సరిగా ఎదగకపోతే నాలుక దిగదు, అంగిలి కలవదు. చిన్న గడ్డం, వెనక్కి జారే నాలుక, చీలిన అంగిలి కలిసి వచ్చే ఈ స్థితిని 1923లో పియర్ రాబిన్ అనే ఫ్రెంచి వైద్యుడు వివరించాడు. ఇలాంటి బిడ్డను వెల్లకిలా పడుకోబెడితే నాలుక గొంతుకు అడ్డుపడి ఊపిరి ఆడకపోవచ్చు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి.

పుర్రె కూడా పుట్టేనాటికి ఒకే ఎముక కాదు. ఎముకల మధ్య సందులు ఉంటాయి కనుకే పసిబిడ్డ మాడు మెత్తగా ఉంటుంది. మెదడు పెరగడానికి ఆ సందులు కావాలి. ముందున్న సందు సాధారణంగా ఏడాదిన్నరకు మూసుకుంటుంది. ఏ అతుకైనా ముందే బిగిసిపోతే తల వంకరగా పెరుగుతుంది. దీనికి సాధారణంగా మొదటి ఏడాదిలోనే ఆపరేషన్ చేస్తారు. అన్నిటికంటే తీవ్రమైనది పుర్రె పైభాగమే ఏర్పడకపోవడం. మెదడు, వెన్నుపాములుగా మారే నాళం 28వ రోజుకల్లా మూసుకోవాలి. పైకొస తెరిచే ఉండిపోతే బిడ్డ బతకదు. ఈ నాళపు లోపాలను చాలావరకు ఫోలిక్ యాసిడ్ నివారిస్తుంది. రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్రను గర్భం రాకముందు నెల నుంచే వాడాలి. ఆసుపత్రిలో పేరు రాయించుకునే సరికి ఆ 28 రోజులూ దాటిపోతాయి. అందుకే పేదింటి ఆడపిల్ల నికాహ్‌కు సాయం చేసే దాతలు ఈ మాత్రల గురించి కూడా చెప్పాలని మా మనవి.

పెదవి, అంగిలి చీలికలు సుమారు 700 నుంచి 1000 జననాలకు ఒకటి చొప్పున కనిపిస్తాయి. కారణం ఒక్కటే ఉండదు. వంశపారంపర్యం, పొగాకు, మద్యం, అదుపులో లేని మధుమేహం, కొన్ని మూర్ఛ మందులు ఇందులో ఉన్నాయి. మూర్ఛ మందును మాత్రం డాక్టరును అడగకుండా మానకూడదు. దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు పుట్టుక లోపాల అవకాశాన్ని కొంత పెంచుతాయి. ఇది భార్యాభర్తలిద్దరికీ, రెండు కుటుంబాలకూ చెందిన విషయం. చాలా సందర్భాల్లో ఫలానా కారణమని తేల్చలేరు.

బిడ్డ పుట్టాక మొదటి సమస్య పాలు. అంగిలి చీలితే బిడ్డ చప్పరించలేదు, పాలు ముక్కులోంచి వస్తాయి. ఐదో నెల స్కానింగులో పెదవి చీలిక తెలియవచ్చు గానీ, అంగిలి ఒక్కటే చీలితే తరచు తెలియదు. కాబట్టి పుట్టగానే నోట్లో దీపం వేసి చూడమని అడగాలి. తల్లి పాలు పిండి, బిడ్డను నిటారుగా పట్టుకుని, ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా పట్టాలి. పది వారాల వయసు, సుమారు నాలుగున్నర కిలోల బరువు, పది గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే పెదవి ఆపరేషన్‌కు బిడ్డ సిద్ధమైనట్టని వైద్యుల లెక్క. సాధారణంగా పెదవికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, అంగిలికి తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య చేస్తారు. అంగిలి ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది, అలవాటయ్యాక దిద్దడం కష్టం. చెవుల్లో నీరు చేరి వినికిడి కూడా తగ్గవచ్చు.

ఆపరేషన్ ఖర్చు భయపెట్టనక్కర లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం గుర్తించే లోపాల్లో ఇదీ ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద, స్మైల్ ట్రైన్ సంస్థతో కలిసి పనిచేసే ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు. ఏలూరు ప్రభుత్వ ఆసుపత్రికి 2023 నుంచి వైద్య కళాశాల తోడైంది. ముందు అక్కడ చూపించి దారి అడగవచ్చు.

మరి దాతల సొమ్ము ఎందుకు? ఆపరేషన్ ఉచితమైనా దాని చుట్టూ ఉన్నవి ఉచితం కావు. లంక గ్రామం నుంచి పట్నానికి వచ్చిపోయే ఛార్జీలు, చేపల చెరువు మీద పనిచేసే తండ్రి పోగొట్టుకునే కూలి, బాలింత తిండి, మాట నేర్పే శిక్షణకు నెలల తరబడి తిరుగుళ్ళు ఉంటాయి. కొన్ని కుటుంబాలు పెదవి కుట్టించి ఆగిపోయినా అంగిలి మిగిలే ఉంటుంది. అద్దంలో బిడ్డ బాగానే కనిపిస్తుంది గానీ, బడిలో నోరు విప్పదు. జకాత్ గానీ, సదఖా గానీ ఇచ్చేటప్పుడు ఈ రెండో ప్రయాణాన్ని కూడా లెక్కలో వేయమని కోరుతున్నాము.

మీ వీధిలో ఇలాంటి బిడ్డ పుడితే మొదటి వారంలోనే మాకు కబురు చేయండి. ఆ తల్లి దగ్గరికి వెళ్ళినప్పుడు గ్రహణం సంగతి ఎత్తకండి. పాలు ఎలా పడుతోందో అడగండి.