పికప్ బండి కొనేముందు



మన ములబాగిలు, శ్రీనివాసపురం వైపు రైతుల ఇళ్ళల్లో తరచు వినబడే మాట ఒకటుంది. "ఎన్నాళ్ళని బాడుగ బండ్లకు పోస్తాం? మనమే ఒక పికప్ తెచ్చుకుందాం." ఆలోచన మంచిదే. కోసిన టమోటా ఆలస్యం లేకుండా కోలారు మార్కెట్టుకో, మదనపల్లె మార్కెట్టుకో చేరాలి. మామిడికాయల కాలంలో అయితే బాడుగ బండి దొరకడమే గగనం. కానీ ఏ బండి నమ్మకమైనది అని నలుగురిని అడిగితే నాలుగు కంపెనీల పేర్లు చెబుతారు. నేను చెప్పదలచుకున్నది వేరు. బండి మీద నమ్మకం కంపెనీ పేరుతో రాదు. అది సగం మన బరువుకూ మన దారికీ బండి సరిపోవడంలో ఉంది. మిగతా సగం దాని కాగితాల్లో ఉంది. సరిహద్దులో కాపురముండే మనకు ఈ రెండో సగమే ముఖ్యం.

మొదట బరువు సంగతి చూద్దాం. 2005లో వచ్చిన టాటా ఏస్ వంటి చిన్న బండి సుమారు ముప్పాతిక టన్ను మోస్తుంది. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ రకం బండ్లు టన్నుంబావు నుంచి ఒకటిన్నర టన్ను వరకూ మోస్తాయి. మహీంద్రా బొలెరో పికప్‌లో ఒకటిన్నర టన్ను, అంతకు మించి మోసే రకాలు కూడా ఉన్నాయి. అయితే పేరు చూసి లెక్క కట్టకండి. ఒకే పేరుతో నాలుగైదు రకాలుంటాయి. ఆర్.సి.లో రెండు అంకెలుంటాయి: ఖాళీ బండి బరువు, సరుకుతో కలిపి ఉండదగిన మొత్తం బరువు. రెండోదానిలోంచి మొదటిది తీసివేయండి. ఉదాహరణకు మొత్తం బరువు 2,950 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకుందాం. తేడా 1,250. అందులో డ్రైవరు, తోడు మనిషి కలిసి 130 కిలోలు పోతే మిగిలేది 1,120. కోలారు మార్కెట్టులో టమోటా పెట్టె 15 కిలోలు కదా. ఖాళీ పెట్టెతో కలిపి 17 అనుకుంటే సుమారు 65 పెట్టెలు పడతాయి. మీకు రోజూ వంద పెట్టెల పంట ఉంటే ఆ బండి మీది కాదు. ఆ బండి మీదనే వంద పెట్టెలు ఎక్కిస్తే ముందు కమాన్ పట్టీలు, తరువాత టైర్లు, బ్రేకులు దెబ్బతింటాయి. పైగా 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టంలో అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకూ 2,000 రూపాయలు జరిమానా ఉంది.

ఇక్కడే ఇంకొక అంకె గుర్తుంచుకోవాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటని సరుకుల బండికి చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాటితే కావాలి. నంగలి దాటి పలమనేరు వెళ్ళినా, హోసూరు వైపు వెళ్ళినా ఆ రాష్ట్రంలో చెల్లే పర్మిట్ ఉండాలి. యానాం వారికైతే ఊరి పొలిమేర దాటితేనే మరో రాష్ట్రం. కాబట్టి రోజూ సరిహద్దు దాటేవారు ఈ 3,000 గీతకు ఏ పక్కన ఉన్న బండి కావాలో ముందే తేల్చుకోవడం మంచిది. లైసెన్సు సంగతి కొంత సులువైంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపున్న సరుకుల బండిని తేలికపాటి వాహనాల లైసెన్సుతో నడపవచ్చునని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం దానినే ఖాయం చేసింది.

తరువాత మరమ్మతు. బండి చెడకుండా ఉండదు. చెడినప్పుడు ఎంత త్వరగా రోడ్డెక్కుతుందన్నదే ప్రశ్న. మీ ఊరికి పదిహేను ఇరవై కిలోమీటర్లలో ఆ బండి తెలిసిన మెకానిక్ ఉన్నాడా, క్లచ్ ప్లేటు, ఫిల్టరు అక్కడ దొరుకుతాయా అని ముందు విచారించండి. మీ ఊళ్ళో ఇప్పటికే తిరుగుతున్న రకమే కొనడంలో ఉన్న లాభం ఇదే.

పాత బండి కొనేవారు తెల్లవారుజామున వెళ్ళండి. వస్తున్నామని చెప్పినా సరే, బండిని స్టార్ట్ చేయవద్దని చెప్పండి. వెళ్ళగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎవరో అప్పటికే స్టార్ట్ చేశారన్నమాట. మరునాడు మళ్ళీ రండి. చల్లటి ఇంజను ఎంతసేపటికి అందుకుంటుందో చూడాలి. సైలెన్సర్ నుంచి ఆగకుండా నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిల్ తాగుతోందని అర్థం. నల్లటి పొగ విడవకుండా వస్తే గాలి ఫిల్టరో, డీజిల్ సరఫరానో సరిగా లేదు. రేడియేటర్ మూత ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీళ్ళ మీద జిడ్డు తేలితే ఆ బండి వద్దు. తాళం తిప్పగానే ఎదుట హెచ్చరిక దీపాలు వెలిగి, ఇంజను అందుకున్నాక ఆరిపోవాలి. ఒక దీపం అసలు వెలగకపోతే దాన్ని కావాలని పీకేశారేమోనని అనుమానించండి.

తరువాత బండి కింద చూడండి. ఛాసిస్ మీద కొత్తగా వెల్డింగ్ చేసిన అతుకులు, వాటి మీద తాజా రంగు కనిపిస్తే అధిక బరువు మోసిన బండి కావచ్చు. టైరు ఒకవైపే అరిగి ఉంటే ముందు ఇరుసు సంగతి మెకానిక్‌కు చూపించండి. చివరగా ఖాళీ బండిని చదునైన రోడ్డు మీద నడిపి సంతోషపడవద్దు. కొంత బరువు వేసి ఒక ఎత్తు ఎక్కించండి, దించండి. క్లచ్ జారడమూ, బ్రేకు ఒకవైపు లాగడమూ అప్పుడే బయటపడతాయి.

ఇక కాగితాలు. కొన్నేళ్ళ కిందట మా బడిలో చదివిన ఒక కుర్రవాడి తండ్రి కాగితాల కట్ట తెచ్చి, "అయ్యవారూ, ఇది కాస్త చదివి పెట్టండి" అన్నాడు. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది కన్నడం. బండి సరిహద్దు అవతలిది. ఒప్పందం తెలుగులో ఉంది, ఫైనాన్సు వారి ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. ఆ ఉత్తరమే అప్పు తీరిన కాగితమని అమ్మినవాడు చెప్పాడట. చదివితే అది ఒక్క కంతు ముట్టినట్టు ఇచ్చిన రసీదు. ఇంకా పద్దెనిమిది కంతులున్నాయి. ఆయన రెండు పాడి ఆవులు అమ్మిన డబ్బు అప్పటికే చేతులు మారింది. ఆ మామిడి కాలంలోనే ఫైనాన్సు వారు వచ్చి బండి తీసుకుపోయారు. ఇంజను బాగానే ఉండేది. కాగితమే చెడిపోయింది.

అందుకని ఈ వరుస గుర్తుంచుకోండి. బండి మీద అప్పు ఉంటే ఆర్.సి.లో హైపోతికేషన్ అని ఫైనాన్సు వారి పేరు ఉంటుంది. అది ఫారం 35 ద్వారా తొలగాలి. తరువాత బండి రిజిస్టరైన ఆర్.టి.ఓ. ఆఫీసు నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం రావాలి. ఆ పైన ఫారం 29, ఫారం 30లతో మీ పేరుకు మార్పు. మరో రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే ఇక్కడి నెంబరు తీసుకోవలసిందే. ఎ.పి. 03 బండి కె.ఎ. 07 కావాలంటే ఇక్కడి పన్ను కూడా కట్టాలి. ధర తక్కువగా ఉందని సంబరపడేముందు ఆ పన్నును ధరకు కలిపి చూడండి. పేరు మారిన 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మీ పేరుకు మార్పించుకోవాలి. ఫిట్‌నెస్ పత్రం ఎనిమిదేళ్ళ వరకూ రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటేటా తీసుకోవాలి. ఎం-పరివాహన్ యాప్‌లో నెంబరు కొడితే ఈ గడువులు తెలుస్తాయి. ఛాసిస్ నెంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆ అంకెలను ఆర్.సి.తో మీరే సరిచూసుకోండి.

ఇవి దేశమంతటికీ ఒకటే నిబంధనలు. మీరు హోసూరులో ఉన్నా, బళ్ళారిలో ఉన్నా, పర్లాకిమిడిలో ఉన్నా వర్తిస్తాయి. నిరభ్యంతర పత్రం చేతికి వచ్చేవరకూ సొమ్ములో కొంత మీ దగ్గరే ఆపండి. నిజాయితీగా అమ్మేవాడు దానికి కోపగించుకోడు.

చివరగా ఒక మనవి. రెండు భాషల నడుమ బతికే మనకు మాట్లాడటం రెండు భాషల్లోనూ వస్తుంది, చదవడం మాత్రం చాలామందికి ఒకదానిలోనే వస్తుంది. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మీ బడిలో పంతులు ఉన్నాడు, మీ ఇంట్లో కాలేజీకి వెళ్ళే పిల్లలున్నారు. బయానా ఇవ్వకముందే ఆ కట్ట వాళ్ళ చేతికి ఇచ్చి, ప్రతి పంక్తీ చదివించుకోండి. ఆ కుర్రవాడి తండ్రి నా దగ్గరకు వచ్చాడు, కానీ డబ్బు ఇచ్చిన తరువాత వచ్చాడు. మీరు ముందే రండి.