యుఎస్‌బి పరికరాలను సురక్షితంగా తొలగించడం

యుఎస్‌బి పరికరాలను సురక్షితంగా తొలగించడం అనగా పెన్ డ్రైవు, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు, మెమరీ కార్డు రీడరు వంటి నిల్వ పరికరాలను కంప్యూటరు నుండి తీయడానికి ముందు, వాటిపై మిగిలి ఉన్న రాతపనిని ముగించమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆదేశించడం. ఇలా చేయకపోతే ఫైళ్ళు పాడైపోయే ప్రమాదం ఉంది. కాపీ జరుగుతుండగా కరెంటు పోయినా ఇదే నష్టం కలుగవచ్చు. అందువలన తుఫానుల తాకిడికి గురయ్యే శ్రీకాకుళం, విజయనగరం వంటి జిల్లాలలో ఈ విషయం తెలిసి ఉండడం అవసరం.

నేపథ్యం

యుఎస్‌బి తొలి ప్రమాణం 1996 జనవరిలో వెలువడింది. ఇంటెల్ సంస్థలో దీని రూపకల్పనకు కృషి చేసిన వారిలో భారతదేశంలో జన్మించిన అజయ్ భట్ ముఖ్యుడు. కంప్యూటరు నడుస్తుండగానే పరికరాన్ని తగిలించడానికి, తీయడానికి వీలుండడం దీని ప్రధాన లక్షణం. ఇందుకోసం సాధారణ ఎ-రకం ప్లగ్గులో విద్యుత్తును అందించే రెండు చివరి పిన్నులను, సమాచారాన్ని చేరవేసే మధ్య పిన్నుల కన్నా పొడవుగా అమర్చారు. తగిలించేటపుడు విద్యుత్తు ముందుగా అందుతుంది, తీసేటపుడు చివరగా తెగుతుంది. కావున హఠాత్తుగా తీసినంత మాత్రాన పరికరం సాధారణంగా కాలిపోదు. ప్రమాదమంతా అందులోని సమాచారానికే.

సమాచారం పాడయ్యే విధానం

పెన్ డ్రైవుపై రాసే వేగం కంప్యూటరు ర్యామ్ వేగం కన్నా చాలా తక్కువ. అందుచేత ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలును ముందుగా ర్యామ్‌లో ఉంచుకొని, తరువాత వీలునుబట్టి డ్రైవుపై రాస్తుంది. దీనిని రైట్ క్యాషింగ్ అంటారు. తెరపై కాపీ పూర్తయినట్లు కనిపించినా కొంత భాగం ఇంకా ర్యామ్‌లోనే ఉండవచ్చు.

ఏ ఫైలు డ్రైవులో ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టిక సగం రాసి ఉండగా సంబంధం తెగితే, కొత్త ఫైలే కాక పాత ఫైళ్ళు కూడా కనిపించకుండా పోవచ్చు. గ్రంథాలయంలో పుస్తకాలన్నీ ఉండి, వాటి జాబితా చిరిగిపోయిన స్థితి వంటిది ఇది. పెన్ డ్రైవులలో ఎక్కువగా వాడే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతులలో మార్పులను నమోదు చేసే చిట్టా లేకపోవడం వలన ఈ ముప్పు అధికం.

2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుండి క్విక్ రిమూవల్ అనే విధానం సహజ అమరికగా ఉంది. ఇందులో రైట్ క్యాషింగ్ ఉండదు. అయినను రాత జరుగుతుండగా డ్రైవును తీయరాదు.

పద్ధతి

* ముందుగా డ్రైవులోని ఫైళ్ళను, ఫోల్డర్లను మూసివేయవలెను.
* విండోస్‌లో టాస్క్‌బార్ కుడివైపున ఉండే యుఎస్‌బి గుర్తుపై నొక్కి, డ్రైవు పేరు ఎదుట ఎజెక్ట్‌ను ఎంచుకోవలెను.
* లినక్స్‌లో ఫైల్ మేనేజరు నుండి, మ్యాక్‌లో ఫైండర్ నుండి ఎజెక్ట్ చేయవచ్చును.
* పరికరం వాడుకలో ఉన్నదని సందేశం వస్తే, ఇతర ప్రోగ్రాములను కూడా మూసి మళ్ళీ ప్రయత్నించవలెను. అప్పటికీ వీలుకాకపోతే కంప్యూటరును షట్‌డౌన్ చేసి తీయవచ్చును. స్లీప్‌లో ఉంచడం చాలదు.

మౌసు, కీబోర్డు వంటి వాటికి ఈ పద్ధతి అవసరం లేదు.

తుఫానులు, విద్యుత్ అంతరాయం

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలను కూడా దెబ్బతీసింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. రెండు సందర్భాలలోనూ స్తంభాలు కూలి విద్యుత్ సరఫరా నిలిచిపోయింది.

యుపిఎస్ లేని డెస్క్‌టాప్ కంప్యూటరులో కరెంటు పోవడమనేది డ్రైవును హఠాత్తుగా లాగివేయడంతో సమానం. యుపిఎస్ ఇచ్చే కొద్ది నిమిషాలను ఫైళ్ళను సేవ్ చేసి, డ్రైవును ఎజెక్ట్ చేసి, కంప్యూటరును ఆపడానికి వినియోగించవలెను. తుఫాను హెచ్చరిక వచ్చినపుడు ధ్రువపత్రాలు, పాసు పుస్తకాల స్కాన్ ప్రతులు, ఫోటోలను భద్రపరచేవారు వాటిని కట్ చేయక, కాపీ మాత్రమే చేయడం మంచిది. డ్రైవును ఎజెక్ట్ చేసి, మళ్ళీ తగిలించి, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయని నిర్ధారించుకొనే వరకు అసలు ప్రతిని తొలగించరాదు.

పాడైనపుడు

డ్రైవును ఫార్మాట్ చేయమని కంప్యూటరు అడిగితే వెంటనే అంగీకరించరాదు. అందులో కొత్త ఫైళ్ళను రాస్తే పాతవాటిని వెలికితీయడం కష్టమవుతుంది. ముందుగా వేరొక కంప్యూటరులో తగిలించి చూడవలెను. తెరుచుకున్నచో ఫైళ్ళను మరొక చోటికి కాపీ చేసిన తరువాతనే మరమ్మత్తు చేయవలెను.