మదర్‌బోర్డు పోయిందని ఒప్పుకునే ముందు

మొన్న బుధవారం రాత్రి నాన్న నా గదిలోకి వచ్చి, "ఛత్తాబజార్ చాచా షాపుల కంప్యూటర్ ఆన్ అయితలేదంట. నువ్వు చదివేది గదే గద, జర పోయి చూసి రా" అన్నారు.

నిజం చెప్పాలంటే, మూడేళ్ల సీఎస్‌ఈలో నేను ఒక్కసారి కూడా క్యాబినెట్ మూత తీయలేదు. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో మార్కులు మాత్రం బాగానే వచ్చాయి. మనలో చాలామంది పరిస్థితి ఇదే కాబట్టి, ఆ రాత్రి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

హాస్టల్ మిత్రుల కోసం ఒక మాట. ఛత్తాబజార్ అంటే పాతబస్తీలో పెళ్లి కార్డుల బజారు. ఒకప్పుడు అక్కడ ఉర్దూ కార్డులకు కాతిబ్‌లు చేత్తో రాసేవాళ్లు. 1990ల్లో ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ వచ్చాక ఆ పని నెమ్మదిగా కంప్యూటర్ మీదికి వచ్చింది. చాచా షాపులో ఉర్దూకి ఇన్‌పేజ్, తెలుగుకి అను ఫాంట్లు, రెండూ విండోస్ 7 ఉన్న ఒకే ఒక్క పాత డెస్క్‌టాప్‌లో ఉన్నాయి. శుక్రవారానికి మూడు పెళ్లిళ్ల కార్డులు ఇవ్వాలి. బ్యాకప్ లేదు. రిపేర్ అతను వచ్చి, మూత కూడా తీయకుండా, "మదర్‌బోర్డు పోయింది. ఈ మోడల్ ఇప్పుడు దొరకదు. బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్చాలి. డేటాకి గ్యారంటీ లేదు" అని చెప్పి వెళ్లిపోయాడట. చాచాకి డబ్బుల కంటే ఆ చివరి మాటే భయం పుట్టించింది.

ముందు అడగాల్సిన ప్రశ్న

"ఆన్ అవ్వట్లేదు" అనే మాటలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి, బటన్ నొక్కితే ఫ్యాన్ కూడా తిరగకపోవడం. రెండు, ఫ్యాన్ తిరుగుతుంది కానీ స్క్రీన్ మీద ఏమీ రాకపోవడం. మూడు, స్క్రీన్ వస్తుంది కానీ విండోస్ దాకా వెళ్లకపోవడం. మొదటిది కరెంటు సమస్య. రెండోది ర్యామ్, బోర్డు, డిస్‌ప్లేల సమస్య. మూడోది డిస్క్ లేదా సెట్టింగుల సమస్య. ఏ జబ్బో తేల్చుకోకుండా పార్టులు మార్చడం అంటే, జ్వరమో దెబ్బో చూడకుండా మందు రాసిచ్చినట్టే.

ఫ్యాన్ కూడా తిరగకపోతే

గోడ నుంచి మొదలుపెట్టండి. అదే ప్లగ్గులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు, యూపీఎస్ రెండూ పక్కన పెట్టి, వైరు నేరుగా గోడకి పెట్టండి. బ్యాటరీ పాడైన యూపీఎస్ లోడ్ పడగానే ఆగిపోయి, నింద కంప్యూటర్ మీద వేస్తుంది. పవర్ సప్లై డబ్బా వెనుక చిన్న స్విచ్ ఉంటుంది, ఊడ్చేటప్పుడు చెయ్యి తగిలి ఆఫ్ అయి ఉండొచ్చు. పాత డబ్బాల్లో 115, 230 అని ఎర్రటి స్విచ్ ఇంకోటి ఉంటుంది. మన దగ్గర అది 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి ఆన్ చేస్తే డబ్బా ఢాం అంటుంది.

ఇవన్నీ బాగుంటే ఎస్‌ఎంపీఎస్‌ని విడిగా పరీక్షించొచ్చు. కరెంటు తీసేసి, బోర్డుకి పెట్టిన 24 పిన్నుల కనెక్టర్, మిగతా పవర్ కనెక్టర్లు పీకండి. ఆ 24 పిన్నుల్లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. చిన్న వైరు ముక్కతో దాన్ని ఏదో ఒక నల్ల వైరుతో కలిపి, అప్పుడు కరెంటు ఇవ్వండి. బటన్ నొక్కినప్పుడు బోర్డు చేసే పని అదే, ఆ వైరుని గ్రౌండ్‌కి కలపడం. ఫ్యాన్ తిరిగిందని సంబరపడకండి, మల్టీమీటర్ పెట్టండి. పసుపు వైరులో 12, ఎరుపులో 5, నారింజలో 3.3 వోల్టులు రావాలి. 5 శాతం అటూ ఇటూ పర్వాలేదు, అంటే 12 బదులు 11.4 దాకా సరే. కొత్త డబ్బాల్లో వైర్లన్నీ నలుపే ఉంటాయి, అప్పుడు పిన్ల బొమ్మ చూసుకోకుండా ముట్టుకోవద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉంటే

చాచా కంప్యూటర్‌ది ఇదే జబ్బు. ముందు మానిటర్ బతికే ఉందా, దాని వైరు సరైన చోటే ఉందా చూడాలి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్‌లో వైరు మదర్‌బోర్డుకి పెడితే చాలాసార్లు ఏమీ రాదు. తర్వాత కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే బోర్డు బతికే ఉందని అర్థం, తప్పు డిస్‌ప్లే దగ్గర వెతకాలి. చాచా దాంట్లో లైటు కదల్లేదు.

"ఎప్పుడు పనిచేసింది చాచా చివరిసారి?" అని అడిగా. షాపుకి రంగులు వేయించారట. మూడు రోజులు మెయిన్ ఆఫ్ చేసి, సీపీయూని ఎత్తి పక్క షాపులో పెట్టి, మళ్లీ తెచ్చారట. ఈ ఒక్క జవాబు లేకపోతే నాకూ తోచేది కాదు.

ప్లగ్ తీసి, మిగిలిన చార్జ్ పోవడానికి పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకుని, క్యాబినెట్ ఇనుము ముట్టుకుని మూత తీశాను. లోపల కాగితం పొడి దూదిలా పేరుకుని ఉంది. ప్రెస్ పక్కన బతికే కంప్యూటర్ కదా! మెత్తటి బ్రష్‌తో దులిపాం. కెపాసిటర్లు ఉబ్బలేదు, కాలిన వాసన లేదు. ర్యామ్ స్టిక్కులు రెండున్నాయి. రెండూ తీసి, బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బట్టతో తుడిచాం. ఒక్క స్టిక్కు మాత్రమే పెట్టి, రెండు పక్కలా క్లిప్పు టక్కుమనే దాకా నొక్కి ఆన్ చేశాం.

స్క్రీన్ వెలిగింది. చాచా "అల్హందులిల్లా" అన్నాడు. నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నా. రెండో స్టిక్కు కూడా పెడితే అదీ పనిచేసింది. అంటే స్టిక్కులు బాగానే ఉన్నాయి. ఎత్తి దింపడంలో కదిలిపోయాయి, సందులో పొడి చేరింది, అంతే.

మీ దాంట్లో ఒక స్టిక్కుతో రాకపోతే రెండోది, ఒక స్లాటులో రాకపోతే ఇంకోటి, ఇలా ఒక్కోసారి ఒక్కటే మార్చండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

స్క్రీన్ వచ్చి, విండోస్ రాకపోతే

సంబరం నిమిషం కూడా నిలవలేదు. తేదీ తప్పుందని ఒక హెచ్చరిక, ఎఫ్1 నొక్కితే బూట్ డివైస్ దొరకలేదని ఇంకోటి. హార్డ్ డిస్కే పోయిందేమో అని నా చేతులు చల్లబడ్డాయి.

కానీ తప్పు తేదీయే ఆధారం. బోర్డు మీద రూపాయి బిళ్లలా ఒక బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032, 3 వోల్టులు. గడియారాన్ని, పాత బోర్డుల్లో బయోస్ సెట్టింగులనూ కాపాడేది అదే. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపు, కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ నుంచి స్టాండ్‌బై 5 వోల్టులు బోర్డుకి అందుతూనే ఉంటాయి. అందుకే బ్యాటరీ చచ్చిపోయినా చాచాకి తెలియలేదు. మూడు రోజులు మెయిన్ ఆఫ్ అయ్యేసరికి సెట్టింగులన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. మీటర్ పెడితే బ్యాటరీ 2 వోల్టులు కూడా చూపించలేదు.

బయోస్‌లోకి వెళ్లి చూస్తే హార్డ్ డిస్క్ పేరు కనిపించింది. అంటే డిస్క్ బతికే ఉంది, బూట్ వరుసే మారింది. దాన్ని మొదటికి తెచ్చాం. అయినా నీలం స్క్రీన్ వచ్చింది. సాటా మోడ్ కూడా మారిపోయింది. విండోస్ 7ని ఒక మోడ్‌లో ఇన్‌స్టాల్ చేసి ఇంకో మోడ్‌లో నడిపితే ఇలాగే పడిపోతుంది. ఏహెచ్‌సీఐ నుంచి ఐడీఈకి మార్చగానే విండోస్ లోగో వచ్చింది. రాత్రి పదకొండున్నర.

ఒకవేళ బయోస్‌లో డిస్క్ పేరే లేకపోతే, సాటా కేబుల్, పవర్ కేబుల్ పీకి పెట్టండి, కేబుల్ మార్చి చూడండి. డిస్క్ టక్ టక్ అంటుంటే మాత్రం వెంటనే ఆపేయండి. రిపేర్ టూల్స్ నడపకండి, ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. అప్పుడు మనం కాపాడాల్సింది కంప్యూటర్‌ని కాదు, అందులోని ఫైళ్లని. డిస్క్ బాగుండి విండోస్ మాత్రమే పాడైతే, లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ముందు ఫైళ్లు కాపీ చేసుకోవచ్చు.

అయిన ఖర్చు

మర్నాడు కోఠి గుజరాతీ గల్లీలో కొత్త బ్యాటరీ కొన్నాం. టీ ఖర్చుతో కలిపినా వంద దాటలేదు. అన్నిసార్లూ ఇలాగే అవుతుందని చెప్పను. ఇన్ని చూశాక కూడా ఒక్క స్టిక్కుతో, మంచి ఎస్‌ఎంపీఎస్‌తో స్క్రీన్ రాకపోతే, అప్పుడు బోర్డునో ప్రాసెసర్‌నో అనుమానించి మంచి మెకానిక్ దగ్గరికే వెళ్లాలి. కానీ అప్పుడు మనం ఏమేం చూశామో చెప్పగలం. అలా చెప్పగలిగిన మనిషికి మూత తీయకుండా తీర్పు చెప్పడం ఎవరికైనా కష్టం.

ఆ రాత్రి విండోస్ తెరుచుకోగానే చాచా కార్డులు ప్రింట్‌కి పంపబోతే ఆపాను. ముందు నా పెన్‌డ్రైవ్‌లోకి అన్ని ఫైళ్లూ కాపీ చేశాం. కార్డులు శుక్రవారం మధ్యాహ్నానికి వెళ్లిపోయాయి. పెన్‌డ్రైవ్ ఇప్పటికీ చాచా దగ్గరే ఉంది. ప్రతి జుమ్మాకి నమాజుకి వెళ్లే ముందు కాపీ చేస్తానని మాటిచ్చాడు.

మీ ఇంట్లో కంప్యూటర్ ఇవాళ బాగానే నడుస్తోంది కదా? అయితే కాపీ చేయడానికి ఇవాళే మంచి రోజు.