సంక్రాంతి సెలవుల్లో బీచ్‌కి వెళ్తున్నారా? సీగల్‌ని గుర్తుపట్టడం, ఫోటో తీయడం ఇలా

కాజీపేట: తెలంగాణకు సముద్రం లేదు. అందుకే కాజీపేట జంక్షన్‌లో రైలెక్కి విశాఖపట్నమో, కాకినాడో, బాపట్లలో దిగి సూర్యలంకో వెళ్లడమంటే మన కుటుంబాలకు పెద్ద సంబరం. తిరిగొచ్చాక ఫ్యామిలీ గ్రూపులో సెల్ఫీలతో పాటు ఒక తెల్ల పిట్ట ఫోటో కూడా వస్తుంది. ఒకరు కొంగ అంటారు, ఇంకొకరు బగ్లా అంటారు, పిల్లలేమో సీగల్ అంటారు. ఫోటోలో తెల్ల చుక్క తప్ప ఏమీ ఉండదు కాబట్టి ఆ పంచాయితీ తేలదు. కొన్ని విషయాలు ముందే తెలిస్తే పిట్ట పేరూ తెలుస్తుంది, ఫోటో కూడా బాగా వస్తుంది.

ఎండాకాలంలో వెతికితే దొరకవు

మనం ఎక్కువగా మే నెల సెలవుల్లో వెళ్తాం. అప్పటికి సీగల్స్ దాదాపు అన్నీ వెళ్లిపోయి ఉంటాయి. అవి మన తీరానికి చలికాలం అతిథులు. అక్టోబర్, నవంబర్‌లో వస్తాయి, మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్తాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించేది బ్రౌన్ హెడెడ్ గల్. ఇది గుడ్లు పెట్టేది టిబెట్, లద్దాఖ్ లాంటి ఎత్తైన చోట్ల ఉన్న సరస్సుల దగ్గర. లద్దాఖ్‌లోని త్సో మోరిరి సరస్సు అలాంటిదే. హిమాలయాలు దాటి బంగాళాఖాతం ఒడ్డుకు వచ్చే పిట్ట ఇది. కాబట్టి చూడాలంటే సంక్రాంతి సెలవులే సరైన టైమ్.

జనం కిక్కిరిసిన బీచ్ కంటే చేపల రేవులు, నది సముద్రంలో కలిసే చోట్లు, ఉప్పునీటి సరస్సులు మంచివి. కాకినాడ దగ్గర కోరంగి, సూళ్లూరుపేట దగ్గర పులికాట్ అలాంటివే. చేపల పడవ ఒడ్డుకు వస్తుంటే వెనకాలే ఇవి గుంపుగా వస్తాయి.

పేరులో గోధుమ రంగు, తలేమో తెలుపు

చాలామంది పొరబడేది ఇక్కడే. బ్రౌన్ హెడెడ్ అంటే గోధుమ రంగు తల అని అర్థం. కానీ చలికాలంలో దాని తల తెల్లగా ఉంటుంది, చెవి దగ్గర ఒక నల్ల మచ్చ మాత్రం మిగులుతుంది. వెళ్లిపోయే ముందు మాత్రమే తలకు గోధుమ రంగు వస్తుంది. బ్లాక్ హెడెడ్ గల్ అనే ఇంకో రకం ఉంది. దానికీ చలికాలంలో తల తెలుపే, చెవి దగ్గర మచ్చే! అందుకే తల చూసి పేరు పెట్టొద్దు, రెక్క చివర చూడండి.

బ్రౌన్ హెడెడ్: రెక్క చివర నల్లగా ఉండి, ఆ నలుపులో తెల్లటి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. పెద్ద పిట్టకు కన్ను లేత రంగు. సైజు మన ఊరి కాకి కంటే కాస్త పెద్దది.

బ్లాక్ హెడెడ్: రెక్క ముందు అంచు పొడవునా తెల్లటి పట్టీ ఉంటుంది. కన్ను నలుపు, ముక్కు సన్నం.

పల్లాస్ గల్: గద్దంత పెద్దది. పసుపు ముక్కు మీద నల్ల పట్టీ, కంటి చుట్టూ నల్లటి నీడ. గుంపులో ఇదొక్కటి ఉన్నా సైజుతోనే తెలిసిపోతుంది.

తోక చివర నల్ల పట్టీ, రెక్కల మీద గోధుమ మచ్చలు ఉంటే అది పిల్ల పిట్ట. దానికి రెక్క చివర తెల్ల మచ్చలు ఇంకా రావు, కాబట్టి తొందరపడి పేరు పెట్టొద్దు.

టర్న్ అనే పిట్టను కూడా చాలామంది సీగల్ అనుకుంటారు. టర్న్ సన్నగా ఉంటుంది, తోక చాలా రకాల్లో చీలి ఉంటుంది, ముక్కు కిందికి పెట్టి ఎగురుతూ నీళ్లలోకి దూకుతుంది. సీగల్ ఇసుక మీద నడుస్తుంది, నీళ్ల మీద బాతులా కూర్చుంటుంది.

అసర్ తర్వాత వెలుతురు మీ వైపు

మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రం వైపు నుంచి వస్తాడు. పొద్దున సముద్రం వైపు ఫోన్ పెడితే పిట్ట నల్లటి నీడలా పడుతుంది. అసర్ నమాజ్ తర్వాత సూర్యుడు మన వెనక ఉంటాడు, వెలుతురు నేరుగా పిట్ట మీద పడుతుంది. పొద్దునే తీయాలంటే ఒడ్డు వెంబడి ఉత్తరం వైపు తిరిగి తీయండి, వెలుతురు పక్క నుంచి వస్తుంది.

తెల్ల పిట్ట వెనక ముదురు నీళ్లుంటే ఈకలు కనిపించకుండా తెల్లగా పేలిపోతాయి. స్క్రీన్ మీద పిట్టను తాకి, వెలుతురు కాస్త తగ్గించండి. ఎగురుతుంటే బర్స్ట్ మోడ్ వాడండి, పది ఫోటోల్లో ఒకదాంట్లోనైనా రెక్క చివర దొరుకుతుంది. ఇసుక మీద కూర్చుని తీస్తే పిట్ట కంటి ఎత్తులో వస్తుంది. తల, కాళ్లు, విప్పిన రెక్క, తోక ఒక్కొక్కటి విడిగా తీయండి. ఉప్పు తుంపరకు లెన్స్ మసకబారుతుంది, మెత్తటి బట్ట దగ్గర పెట్టుకోండి.

విశాఖలో ఒక జాగ్రత్త: నేవీ, పోర్టు ప్రాంతాల వైపు కెమెరా పెట్టొద్దు. బోర్డులు చదవండి, అనుమానం ఉంటే అడిగి తీయండి.

పరుగెత్తించొద్దు, మిక్చర్ వేయొద్దు

అన్నీ ఒకేసారి ఎగిరితే ఫోటో బాగుంటుందని పిల్లలను గుంపు మీదికి పరుగెత్తిస్తారు. మళ్లీ అంత దూరం ఎగిరి వెళ్లాల్సిన పిట్టకు చలికాలంలో తిన్నదే, తీసుకున్న విశ్రాంతే పెట్టుబడి. ప్రతి పరుగూ అందులోంచి కోత. చిప్స్, మిక్చర్, బ్రెడ్ దానికి తిండి కాదు. వేస్తే మనుషుల చేతుల్లోంచి లాక్కోవడం నేర్చుకుంటుంది. వీటిని పట్టుకోవడం, కొట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం.

చనిపోయిన పిట్ట కనిపిస్తే పిల్లలను ముట్టనివ్వొద్దు, పశుసంవర్ధక శాఖకు చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఈ జబ్బు అడవి పక్షుల్లోనూ ఉంటుంది, సీగల్స్‌కూ వస్తుంది.

ఫోటోతో పాటు తేదీ, చోటు

ఖరీదైన లెన్స్ లేకపోయినా పర్వాలేదు. కార్నెల్ యూనివర్సిటీ పక్షుల ల్యాబ్ వాళ్ల మెర్లిన్ యాప్ ఉచితం, ఫోటో పెడితే పేరు సూచిస్తుంది. అయినా రెక్క చివర మీరే ఒకసారి సరిచూసుకోండి. అదే ల్యాబ్ వాళ్ల ఈబర్డ్‌లో తేదీ, చోటు, ఎన్ని పిట్టలు చూశారో రాస్తే ఆ లెక్క పరిశోధకులకు పనికొస్తుంది. కాలికి నంబరున్న రింగ్ కనిపిస్తే జూమ్ చేసి తీసి, ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.

వరంగల్ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1931-32లో సలీం అలీ ఆ రాజ్యమంతా పక్షుల సర్వే చేశారు. ఏ పిట్టను ఎక్కడ, ఏ తేదీన చూశారో రాసిపెట్టారు కాబట్టే ఆ లెక్క ఇప్పటికీ పనికొస్తోంది. ఈసారి గ్రూపులో ఫోటో పెట్టేటప్పుడు కింద ఊరు, తేదీ కూడా రాయండి.